కొంగు చాటు మైకు

ఆ రోజుల్లో మైకు మన దగ్గరికి వచ్చేది కాదు, మనమే మైకు దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఇప్పుడు పెళ్ళి చేయించే పంతులుగారు కూడా కండువా అంచుకి చిన్న మైకు తగిలించుకుని కూర్చుంటున్నారు, మంత్రానికీ మంత్రానికీ మధ్య ఆయన మంచినీళ్ళు అడిగినా మండపమంతా వినపడుతుంది. మా కాలంలో మైకంటే ఊళ్ళో పెద్దమనిషి లాంటిది. అది ఒకచోట నిలబడి ఉండేది, లేకపోతే పైనుంచి వేలాడుతూ ఉండేది. మాట్లాడదలచుకున్నవాళ్ళు దాని ముందుకు వెళ్ళి, గొంతు సవరించుకుని, రెండు ముక్కలు మాట్లాడి, వెనకవాళ్ళకి చోటిచ్చి తప్పుకునేవారు. ఆ మర్యాద పోయిందని నేనేమీ బాధపడటం లేదు (నేను మర్యాద గురించి బాధపడుతున్నానంటే ముందు మా ఇంట్లోవాళ్ళే నవ్వుతారు). కానీ ఆ మర్యాదే ఒకసారి మా చంద్రపూర్‌లో, నిండు సభలో, నన్ను ఎంత అల్లరి పాలు చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. వేడెక్కిన మరుక్షణమే ఒక మనిషి గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఈ కథ ఆ రెండింటి మధ్యది.

మా నాన్న అక్కడ, మహారాష్ట్రలో, బొగ్గు గనిలో పనిచేసేవారు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి గనుల్లో కుదురుకున్న తెలుగు కుటుంబాలు మా కాలనీ నిండా ఉండేవి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో హిందీ, కుళాయి దగ్గర మూడూ. తెలుగు గలగలా మాట్లాడేవాళ్ళమే గాని, చదవమంటే మా తరం పిల్లలందరం గోడవైపు చూసేవాళ్ళం. మరాఠీ మీడియంలో చదివి, మరాఠీలోనే బి.ఏ. కూడా పూర్తి చేసిన నేను ఈ రోజు ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే దానికి కారణం మా కాలనీ అంతా డ్రిల్లు కాక అని పిలిచే పెద్దాయన. గనిలో ఆయన పని డ్రిల్లు మిషను మీద. ఇంటికొచ్చాక పని నాటకాలు. రాసేదీ ఆయనే, నేర్పేదీ ఆయనే, తెర వెనక నిలబడి మాటలందించేదీ ఆయనే. నాటకంలో వేషం కావాలంటే ఎవరి మాటలు వాళ్ళే తెలుగులో రాసుకోవాలని ఆయన పట్టుదల. నేను మొదటిసారి నా మాటలన్నీ మరాఠీ అక్షరాల్లో రాసుకుపోయాను. కాక ఆ కాగితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నీ మాటకు ఎవలదో అంగీ తొడిగినట్టున్నది బిడ్డా, లూజున్నది. ఇప్పు" అన్నాడు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని, బతికిపోయేదాన్ని. ఆయన తిట్టలేదు. ఆ వేసవంతా మా వరండాలో కూర్చోబెట్టి అ ఆ ల దగ్గర నుంచి నేర్పాడు.

ఏళ్ళ తరబడి ఆ మిషను మోతలో ఉండి ఆయన చెవులు బాగా దెబ్బతిన్నాయి. దగ్గరికి వెళ్ళి గట్టిగా అరిస్తే వినేవాడు. అందుకే మా కాలనీలో ఎవరూ ఆయనకి రహస్యాలు చెప్పేవారు కాదు, ఆయనకి చెబితే అందరికీ చెప్పినట్టే. ఆయన కూడా అంతే గట్టిగా బదులిచ్చేవాడు. మేమిద్దరం తెలుగు పాఠం చెప్పుకుంటుంటే కొట్లాట అనుకుని పక్కింట్లోకి కొత్తగా వచ్చిన మరాఠీ కాకూ (వాళ్ళ భాషలో పిన్ని) ఒకావిడ విడదీయడానికి పరిగెత్తుకుని వచ్చింది.

మా నాటకం ఏటా ఉగాది సాయంత్రం. మరాఠీ ఇళ్ళలో అదే రోజు గుడిపాడ్వా కాబట్టి పొద్దున వాళ్ళు ఇంటిముందు గుడి (పట్టుగుడ్డ, చెంబు కట్టిన కర్ర) ఎత్తుకుని, సాయంత్రం మా నాటకానికి వచ్చేవారు. భాష అర్థం కాకపోయినా వచ్చేవారు. నిజానికి మా తెలుగువాళ్ళకీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు, ఎందుకంటే వినపడేది కాదు. చంద్రపూర్ ఎండ ఉగాదికే మొదలైపోతుంది. కాలనీ హాల్లో నాలుగు వైపులా రేకు డబ్బాల్లాంటి పెద్ద పెద్ద కూలర్లు పెట్టేవారు. అవి తిరగడం మొదలుపెడితే లారీ గేరు మార్చినట్టు ఒకటే మోత. ఆపితే జనం లేచిపోతారు, వేస్తే మాటలు ఎగిరిపోతాయి. స్టేజీ మీద రెండు మైకులు వేలాడేవి. వాటి కింద కాక సుద్దముక్కతో గుర్తులు పెట్టి, "గుర్తు మీద నిలవడు, మాట అను, పక్కకు జరుగు" అని మాకు బాగా మప్పాడు. మా నాటకాల్లో ఎంత కోపమొచ్చినా గుర్తు దగ్గరికి వచ్చాకే తిట్టుకునేవాళ్ళం. కత్తిపోటు తిన్నవాడు కూడా పాక్కుంటూ మైకు కిందికి వచ్చి, చెప్పవలసింది చెప్పి, అప్పుడు ప్రాణం వదిలేవాడు.

నా బి.ఏ. అయిన ఏడాది కాకకి పదవీ విరమణ దగ్గరపడింది. సరిహద్దులో లక్కడ్‌కోట్ దాటాక అవతల ఉన్న తన సొంతూరికి వెళ్ళిపోతున్నానని చెప్పాడు. ఆ ఏటి నాటకమే ఆఖరుది. ఒకరోజు మా వరండాలో కూర్చుని, ఆయన లెక్కకి మెల్లగా (అంటే మా వీధి చివరిదాకా) అన్నాడు: "గిన్నేండ్ల సంది తెర ఎనక నిలవడి అందించుడే అయింది బిడ్డా. ఒక్కపారన్న ముందటి కుర్సీల కూసోని, నేను రాసిన మాటలు నేను ఇనాలె. నాకైతె మైకుల గూడ గుయ్‌మనుడే ఇనవడ్తది. మంది ఏడుస్తున్నరో నవ్వుతున్నరో తెర సందుల నుంచి ఏం కనవడ్తది? ఈ నాటకం జూసి ఒక్కరన్న ఏడిస్తె చాలు, ఇగ నేను పోత."

"ఏడిపిద్దాం తీ కాకా" అని అరిచాను. పక్కింటి కాకూ మళ్ళీ తొంగిచూసింది.

నాటకం పేరు చెప్పను గాని, అందులో కన్నీరు అన్న మాట రెండుసార్లు వచ్చేది. కథ చిన్నదే. గనిలో పనిచేసి చెవులు పోయిన ఒక ముసలాయన, ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టే గయ్యాళి కోడలు, మధ్యలో నలిగే కొడుకు, ఒక డాక్టరు. చివరికి ముసలాయన ఇంట్లోంచి వెళ్ళిపోతూ గుమ్మంలో నిలబడి ఒక పెద్ద మాట చెబుతాడు, కోడలు తలొంచుకుని ఏడుస్తుంది, తెర పడుతుంది. కాక ఆ ముసలాయన మాటలు ఎవరి గురించి రాశాడో కాలనీలో అందరికీ తెలుసు. ఆ వేషం ఆయనే వేయాలి, కానీ ఎదుటివాళ్ళ మాట ఎప్పుడు ముగిసిందో వినపడదు కదా, అందుకని ఉప్పర్వాహి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒక ఆంధ్రా ఇంజనీరుగారిని బతిమాలి ఒప్పించాడు. ఆయన నెమ్మదస్తుడు. చీమకి కూడా దారిచ్చి "వెళ్ళండి" అనే రకం. కోడలి వేషం నాకిచ్చారు. "నీకు నేర్పేది ఏం లేదు" అన్నాడు కాక (దాన్ని నేను చాలాకాలం మెచ్చుకోలుగానే తీసుకున్నాను). కొడుకు, అంటే నా భర్త వేషం, మా చిన్నమ్మది. పెళ్ళి కావలసిన పిల్ల పక్కన పరాయి మగవాడు మొగుడుగా నిలబడటానికి వీల్లేదని మా అమ్మ పెట్టిన షరతు అది. చిన్నమ్మ ప్యాంటు తొడిగి, మీసం అంటించుకుని, నా మొగుడైంది. డాక్టరు వేషానికి గని క్యాంటీన్లో పనిచేసే మామ.

ఇక మైకు. వరోరా నుంచి ఒక సౌండు భావూ (మరాఠీలో అన్న) వచ్చాడు, పెళ్ళిళ్ళ వీడియోలు తీసేవాడు. ఆయన దగ్గర కొత్తగా వచ్చిన వైర్‌లెస్ మైకు ఉంది. మినపగింజంత నల్లటి మైకు, దానికో సన్నటి తీగ, తీగ చివర సబ్బుపెట్టెంత డబ్బా. ఒంటిమీద ఎక్కడైనా దాచేసుకోవచ్చు, గుసగుసలాడినా స్పష్టంగా పట్టుకుంటుందట. కాక దాన్ని అరచేతిలో పెట్టుకుని పసిపిల్లని చూసినట్టు చూశాడు. కానీ భావూ రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, అలాంటిది ఒక్కటే ఉంది. రెండోది, దాంతోపాటు పైన వేలాడే మైకులు కూడా పెడితే గోల గోల అవుతుంది, వాటిని తీసేయాలి. కాక ఆలోచించాడు. ప్రతి సీనులోనూ ఉండేది కోడలే. కాబట్టి మైకు కోడలికి. పెద్ద సౌండు పెట్టె ఒకటి తెచ్చి స్టేజీ ఎడమ పక్కన, ముందు వరసలో తన కుర్చీకి ఆనించి పెట్టించాడు. "ఇగ నా చెవుల నోరు వెట్టి మాట్లాడినట్టే" అని మురిసిపోయాడు.

సాయంత్రం మా అమ్మ తెర వెనక నాకు మైకు తొడిగింది. డబ్బాకి గుడ్డసంచి కుట్టి నడుముకి కట్టి, తీగ రవిక లోపలి నుంచి తీసి, మైకుని భుజం కింద కొంగు మడతలో పెట్టి పిన్నీసులు గుచ్చింది. "కనవడొద్దు, కనవడొద్దు" అని కాక పక్కనుంచి ఒకటే రంధి. "మైకు కనవడితె గది నాటకం కాదు, మీటింగైతది." పిన్నీసు నాకు గుచ్చుకుంటోందంటే, "కోడలు గదా, జర కోపంగ కనవడ్తవ్ తీ" అంది మా అమ్మ. అన్నీ అయ్యాక కాక అందర్నీ నిలబెట్టి, ముందు కుర్చీలోకి వెళ్ళబోతూ ఆఖరి మాటగా ఏం చెప్పాడంటే: "పైన మైకుల్లేవు. మైకు ఈ పిల్ల మీదున్నది. అందరు యాదుంచుకోన్రి."

అందరూ బాగా యాదుంచుకున్నారు. అదే వచ్చిన చిక్కు.

తెర లేచింది. కూలర్లు మోగుతున్నాయి. మొదటి సీను, మొగుడు పనినుంచి ఇంటికి రావాలి. చిన్నమ్మ గుమ్మంలోంచి దర్జాగా వచ్చింది, అలవాటుగా సుద్దగుర్తు కోసం కిందికి చూసింది, గుర్తు లేదు, నన్ను చూసింది. గబగబా నడుచుకుంటూ వచ్చి, నా ఎడమ భుజం మీదికి మూతి వంచి, "ఏమేవ్, నాయిన తిన్నడా?" అంది. చెప్పి, రెండడుగులు వెనక్కి జరిగి, నాకు చోటిచ్చింది. ఎక్కడికి చోటివ్వడం? నేనే మైకుని. నేను నా మాట అన్నాను. ఆవిడ మళ్ళీ వచ్చి భుజం మీదికి వంగింది, మళ్ళీ వెనక్కి జరిగింది. పావురం గింజలు ఏరుకున్నట్టుంది. హాల్లో ఎవరికీ మైకు సంగతి తెలియదు, దాచింది అందుకే కదా. నాలుగోసారి వంగి లేచేసరికి మీసం సగం నా కొంగు పిన్నీసుకి తగులుకుని ఉండిపోయింది. చిన్నమ్మ సగం మీసంతోనే నన్ను బెదిరిస్తోంది. వెనక వరసలోంచి ఎవరో, "ఓ వదినా, కొంగు మీద మొగుని మీసం ఆరేసుకున్నవా?" అన్నారు. మొదటి నవ్వు అక్కడ లేచింది.

రెండో సీనులో డాక్టరు. జబ్బు ముసలాయనకి, ఆయన మంచం అటు మూల ఉంది. క్యాంటీన్ మామ మంచం దగ్గరికి వెళ్ళి, ముసలాయన చెవిలోకి టార్చి వేసి చూసి, చెప్పవలసిన మాట గుర్తొచ్చి, నా దగ్గరికి నడిచి వచ్చాడు. ఉత్తినే అలా వంగితే బాగుండదనిపించిందేమో పాపం, మెడలోని స్టెతస్కోపు తీసి నా భుజానికి ఆనించి, "ఈయన చెవులల్ల బొగ్గు చప్పుడు నిండిపోయిందమ్మా" అన్నాడు. మళ్ళీ మంచం దగ్గరికి. మళ్ళీ ఇంకో చెవి చూసి నా దగ్గరికి. "రోగం ముసలాయనకైతె పరీక్ష కోడలికేంది?" అని ఒకాయన గట్టిగా అడిగాడు. ముందు వరసలో మరాఠీ ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు (మర్నాడు వాళ్ళలో ఒకావిడ మా అమ్మని, తెలుగువాళ్ళలో పెద్ద విషయాలు భుజంతోనే చెప్పుకుంటారా అని నిజంగానే అడిగింది). నేను మాత్రం పళ్ళు బిగించి కాక వైపు చూశాను. ఆయన సౌండు పెట్టెకి చెవి ఆనించి, కళ్ళు సగం మూసుకుని, ప్రతి మాటకీ తల ఊపుతున్నాడు. ఆయన పెదాలు మాతోపాటే కదులుతున్నాయి. వినపడుతోంది. ఆయనకి వినపడుతోంది. ఆ ముఖం చూసి, నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

కాని ఆ నవ్వులన్నీ ఒక ఎత్తు, ఇంజనీరుగారు ఒక ఎత్తు. విరామంలో తెర వెనక ఆయన నా ముందు చేతులు కట్టుకుని, "అమ్మాయ్, ఏమీ అనుకోకు. ఆడపిల్ల మీదికి అలా వంగి మాట్లాడటం నావల్ల కాదు. నేను నా చోటే నిలబడి కాస్త గొంతు పెంచి చెబుతాను" అన్నారు.

"పెంచున్రి సార్, కాక ఇనాలె. ఆ మాటల కోసమే ఆయన అక్కడ కూసున్నడు" అన్నాను.

"తప్పకుండా పెంచుతానమ్మా" అన్నారాయన. ఆయన పెంచిన గొంతు మా ఇంట్లో గుసగుస.

ఆఖరి సీను. ముసలాయన చేతిసంచి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. గుమ్మం స్టేజీకి ఎడమ చివర ఉంది, సరిగ్గా కాక సౌండు పెట్టె పైన. ఇంజనీరుగారు నోరు తెరిచారు. పెదాలు కదిలాయి. కూలర్ల మోత తప్ప ఏమీ లేదు. కింద కాక చెవిని పెట్టెకి ఇంకా దగ్గరగా జరిపాడు. అరచెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. పెట్టెని ఒకసారి తట్టి చూశాడు. తర్వాత తలెత్తి నా వైపు చూసిన చూపు ఉంది చూశారూ, ఏళ్ళ తరబడి తెర వెనక నిలబడిన మనిషి ఒక్కపూట ముందు కూర్చుంటే, ఆ పూట కూడా తన మాటలు తనకి అందకుండా పోతున్న చూపు. వేషం ప్రకారం నేను ఈ చివర తలొంచుకుని ఏడుస్తూ ఉండాలి. ఏడుపు మానేసి మామగారి వైపు నడిచాను, మైకు ఆయన దగ్గరికి పట్టుకెళ్దామని. నేను పెట్టెకి దగ్గరయ్యేసరికి అది కుయ్‌మని ఒక్క కూత పెట్టింది. హాలంతా చెవులు మూసుకుంది, కాకతో సహా. పక్కనుంచి భావూ, "తాయీ, మాగే! మాగే!" అని వెనక్కి పొమ్మని చేతులూపుతున్నాడు. ఇంజనీరుగారేమో, నేను మీదికొస్తున్నానని భయపడి గుమ్మం దాటి ఇంకో అడుగు వెనక్కి వేశారు. నేను ముందుకెళితే కూత, వెనక్కెళితే మౌనం.

నాకు చిన్నప్పటి నుంచి ఒక జబ్బు ఉంది. ఎదుటివాళ్ళు ఏమన్నా దాన్ని వాళ్ళకే తిరిగి అప్పజెప్పి, ఆ తర్వాత జవాబు చెబుతాను. "ఏందీ? గిట్లంటవా?" అని మొదలుపెట్టకపోతే నాకు మాట రాదు. ఆ జబ్బే ఆ పూట ఆదుకుంది. ఇంజనీరుగారు, "నా చెవులు నేను పారేసుకోలే కోడలా" అన్నారు, అది నాకు మాత్రమే వినిపించింది. నేను నడుం మీద చెయ్యేసుకుని అందుకున్నాను: "ఏందీ? నీ చెవులు నువ్వు పారేసుకోలేదా? మరెవలకిచ్చినవ్?"

ఆయన ఉలిక్కిపడ్డారు. నాటకంలో ఈ మాట లేదు. కాని పాపం పెద్దమనిషి, అడిగితే జవాబు చెప్పకుండా ఉండలేరు. "బొగ్గుకిచ్చిన. మీ పొయ్యి మండాలని ఇచ్చిన" అన్నారు.

"ఓహో, బొగ్గుకిచ్చినవా! మా పొయ్యి మండాలని ఇచ్చినవా!"

హాలు ఒక్కసారి ఘొల్లుమంది. గుమ్మంలో పెదాలు మాత్రమే కదిలే ముసలాయన, ఆయన మాటలన్నీ ఆయన మీదికే విసిరే కోడలు. తమ ఇళ్ళల్లో జరిగేదే స్టేజీ మీద జరుగుతున్నట్టు ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. కాక ముఖం వైపు చూశాను. ఆయన చెవి మళ్ళీ పెట్టెకి అతుక్కుంది, పెదాలు మళ్ళీ కదులుతున్నాయి. ఇక నేను ఆగలేదు. ఒక్కొక్క మాటా ఇంజనీరుగారి నోట్లోంచి రావడం, నేను దాన్ని పట్టుకుని పెట్టెలో వేయడం. మధ్యలో ఒకచోట నా నోరు ఊరుకోక, "ఇయ్యాల దాంక ఏం జేస్తివి మరి, జెప్పు!" అని సొంతంగా ఒకటి తగిలించాను. దానికి నాటకంలో జవాబు లేదు. ఇంజనీరుగారు బిక్కచచ్చి, "ఏమోనండీ" అనేశారు. అప్పటికి ప్రతి మాటా తిప్పి చెప్పడం అలవాటైపోయింది కదా, నేను దాన్నీ వదల్లేదు. "ఏమోనండీ అంటవా!" కోడల్ని అండీ అన్న మామగారిని చూసి జనం కుర్చీల్లోంచి జారారు.

ఆఖరి మాట మిగిలింది. కాక దాన్ని రాసిన రోజు నాకే మొదట చదివి వినిపించాడు. ఇంజనీరుగారు సంచి భుజానికి తగిలించుకుని నెమ్మదిగా చెప్పారు. నేను దాన్ని, ఒక్క మాట పోనివ్వకుండా, నా అలవాటుగా తిప్పి అడిగాను: "ప్రేమగ మాట్లాడేది గూడ జర గట్టిగ మాట్లాడున్రి అంటవా? తిట్లొక్కటే నీకు ఇనవడుతున్నయంటవా?" వెటకారంగానే అందామనుకున్నాను. సగం దాటేసరికి వరండాలో కాకని అడిగినట్టే అడిగాను. ఆ ఒక్క క్షణం హాల్లో కూలర్లు మాత్రమే మోగాయి. సరిగ్గా అప్పుడే నా మొగుడు, తండ్రిని ఆపడానికని పరుగున వచ్చి, తండ్రి దగ్గరికి వెళ్ళకుండా నా భుజం మీద పడి, "నాయినా, పోకే!" అని ఏడ్చింది. మిగిలిన సగం మీసం కూడా నా కొంగుకే దక్కింది. నవ్వు మళ్ళీ పైకప్పు దాకా లేచింది. తెర పడింది.

తెర వెనక నేను వాదనకి సిద్ధమవుతున్నాను. కన్నీటి నాటకాన్ని కామెడీ చేశానని కాక తిడతాడు, నాకు తెలుసు. పెట్టెని గుమ్మం కింద పెట్టించుకున్నదెవరు, ఒక్క మైకుతో నలుగుర్ని ఆడించిందెవరు, మైకు నా మీదున్నదని అందరికీ నూరిపోసిందెవరు, ఇలా వరసగా పేర్చుకుని, కొంగుకున్న మీసం పీకుతూ నిలబడ్డాను. కాక మెట్లెక్కి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో రుమాలు తడిసి ముద్దయింది. నా తల మీద చెయ్యి పెట్టాడు.

"మంచిగ ఇనవడ్డది బిడ్డా. ఒక్కొక్క మాట ఇనవడ్డది" అన్నాడు. "నడుమ నువ్వు కొన్ని కలిపినవ్. కలుపు, ఏం గాదు. కోడలు గంత గయ్యాళిదైతెనే ముసలాయన మాట మందికి తాకింది." తర్వాత నా చెవి దగ్గరికి వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు, హాలంతా వినపడేలా అన్నాడు: "అయిపోయినంక ఎనుకకు మర్రి జూసిన. అందరు ఏడుస్తున్నరు బిడ్డా! ఆడోళ్లు కొంగులతోని తుడుసుకుంటున్నరు. గా సూపర్‌వైజరు సాబు గూడ కండ్లద్దాలు తీసి రుమాలు వెట్టుకున్నడు. ఇంత మంది కండ్లల్ల నీళ్లు తెస్తనని నేననుకోలే."

ఆయనకి వినపడింది పెట్టెలోని నా గొంతు ఒక్కటే. వెనక హాలంతా పగలబడి నవ్విన నవ్వు ఆ చెవులకి చేరనే లేదు. నవ్వి నవ్వి జనానికి వచ్చిన నీళ్ళు మాత్రం కనపడ్డాయి.

మా అమ్మ నోరు తెరిచింది, "ఏడుసుడేంది, వాళ్లు..." అని. నేను ఆవిడ కాలు తొక్కాను, గట్టిగానే. నా మెదడులో పేర్చుకున్న వాదనంతా గొంతు దాకా వచ్చి ఉంది, దాన్ని మింగేశాను. కాక చెవి దగ్గర నోరు పెట్టి, "అవును కాకా, అందరు ఏడ్సిన్రు" అని అరిచాను. నా నడుముకున్న డబ్బా ఆపడం భావూ మరిచిపోయాడు. ఆ అరుపు తెర అవతలికి, వెళ్ళిపోతున్న జనం అందరికీ చేరింది.

ఆ తర్వాత జరిగిందానికే నేను మా కాలనీకి బతికినన్నాళ్ళూ రుణపడి ఉంటాను. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. తలుపు దాకా వెళ్ళినవాళ్ళు వెనక్కి తిరిగారు. ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి వచ్చి కాక చేతులు పట్టుకున్నారు. సూపర్‌వైజరు, నవ్వు ఇంకా ఆరని కళ్ళతో, "ఏడిపిచ్చినవ్ కాకా, అందర్ని ఏడిపిచ్చినవ్" అని కేకేశాడు. పక్కింటి కాకూ కొంగు కళ్ళకి అద్దుకుని చూపించింది. వెనక వరసలోంచి మీసం మాట అన్నావిడే వచ్చి, "ముసలాయన పోతుంటె నాకు పానం ఆగలే" అంది. ఇంజనీరుగారు అబద్ధం ఆడలేని మనిషి, ఆయన వంతు వచ్చేసరికి నేను భయపడ్డాను. ఆయన కాసేపు ఆలోచించి, కాక చెవిలో తన జీవితంలో మొదటిసారి నిజంగా గొంతు పెంచి, "నేనైతే లోపల ఏడ్చేశానండీ!" అన్నారు. అది అబద్ధం కాదు.

వేసవి ముదరకముందే కాక సామాను లారీకెక్కించుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు మా వరండాలో నిలబడి, మళ్ళీ అదే మాట, అందరూ ఏడ్చారని. ఆ తర్వాత కలిసిన రెండు మూడుసార్లు కూడా అదే మాట. ప్రతిసారీ నేను అవునన్నాను, ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా. ఆయన ఇప్పుడు లేడు. తన నాటకం చూసి ఊరంతా ఏడ్చిందన్న నమ్మకంతోనే పోయాడు.

ఇప్పుడు నేను ఎవరితోనైనా మాటకి మాట పట్టుకుంటే మా ఆయన చేతులు జోడిస్తారు, నా పిల్లలు ఇంకో గదిలోకి వెళ్ళిపోతారు. కూరగాయల బజార్లో నన్ను చూసి వంకాయలు కూడా సర్దుకుంటాయని మా ఇంట్లో ఒక వెటకారం. అవతలివాళ్ళది తప్పని తెలిసీ నోరు మూసుకున్న సందర్భం నా జన్మలో అదొక్కటే. కొంగుకి మీసం అంటించుకుని, నడుముకి సబ్బుపెట్టె కట్టుకుని, నోటిదాకా వచ్చిన వాదనంతా మింగేసి నిలబడ్డ ఆ పిల్ల నాకు అప్పుడప్పుడు కళ్ళముందు మెదులుతుంది. ఎదురైతే ఒక్కటే అడగాలని ఉంది: అంత మంచి బుద్ధి అంతా ఆ ఒక్క పూటకే ఖర్చు పెట్టేశావేమే తల్లీ, ముందుముందు అవసరపడుతుందని నాక్కొంచెం మిగల్చలేకపోయావా?